బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్సు ఫొటోకార్డు గడువు ముగుస్తోందా? రెన్యువల్ ఎలా, ఖర్చు ఎంత

బ్రిటన్‌లో కారు నడిపేవారి పర్సులో ఉండే గులాబీ రంగు కార్డు మీద చిన్న అక్షరాల్లో ఒక తేదీ ఉంటుంది. దాని పక్కన '4బి' అని రాసి ఉంటుంది. అది ఎప్పటికి పడుతుందో చాలామందికి తెలియదు. కారు అద్దెకు తీసుకోవడానికి వెళ్లినప్పుడో, బ్యాంకులో గుర్తింపు పత్రం అడిగినప్పుడో ఎదుటివారు చెబితే తెలుస్తుంది. అప్పుడు కంగారుగా ఫోనులో వెతికి, మొదట కనిపించిన వెబ్‌సైటులో డబ్బు కట్టేస్తారు. 14 పౌండ్లతో అయ్యే పనికి అంతకు ఎన్నో రెట్లు వదిలించుకోవడం అలాగే జరుగుతుంది.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఉండే తెలుగువారి కోసం ఈ మార్గదర్శి. ఉత్తర ఐర్లండ్‌లో లైసెన్సులు చూసేది వేరే సంస్థ. అక్కడి రుసుములు, పద్ధతులు వేరు కాబట్టి బెల్‌ఫాస్ట్‌లో ఉన్నవారికి ఇందులోని అంకెలు వర్తించవు.

ముందుగా: గడువు దేనికి?

కార్డు మీద రెండు రకాల గడువులు ఉంటాయి. ఈ రెంటినీ కలగలిపి చూడడం వల్లే సగం భయాలు, సగం నిర్లక్ష్యాలు పుడుతున్నాయి.

ముందు వైపు 4ఎ దగ్గర కార్డు జారీ అయిన తేదీ, 4బి దగ్గర కార్డు గడువు ముగిసే తేదీ ఉంటాయి. ఆ కార్డు, అందులోని ఫొటో చెల్లేది 4బి తేదీ వరకే. మామూలు కారు లైసెన్సు ఉన్నవారికి ఇది సాధారణంగా పదేళ్లు. పదేళ్లలో మనిషి ముఖం మారుతుంది కాబట్టి కొత్త ఫొటో కావాలన్నదే దీని వెనుక ఉన్న కారణం.

కార్డు వెనక్కి తిప్పితే ఒక పట్టిక కనిపిస్తుంది. అందులో ఏ రకం బండి నడపడానికి ఎప్పటి నుంచి ఎప్పటి వరకు హక్కు ఉందో వరుసగా ఉంటుంది. కారుకు ఆ హక్కు మామూలుగా 70 ఏళ్ల వయసు వరకు నడుస్తుంది. అంటే 4బి తేదీ దాటితే మీ డ్రైవింగ్ పరీక్ష రద్దయిపోదు, మళ్లీ రాయనక్కర్లేదు. ముగిసింది ఫొటో గడువే.

అలాగని వదిలేస్తే కుదరదు. ఫొటోకార్డును సకాలంలో మార్చుకోకపోవడం 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రకారం నేరం. జరిమానా 1,000 పౌండ్ల వరకు పడవచ్చు. పైగా గడువు తీరిన కార్డును కారు అద్దె సంస్థలు ఒప్పుకోవు. గుర్తింపు కోసం అడిగే చాలా చోట్ల అది పనికిరాదు. ఓటు వేయడానికి మాత్రం ఇబ్బంది లేదు. ఇంగ్లండ్‌లో పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలన్న నిబంధన 2023లో వచ్చింది. ఫొటో మీదేనని తెలిసేలా ఉంటే గడువు తీరిన కార్డునూ అక్కడ అంగీకరిస్తారు. కామన్వెల్త్ పౌరులుగా బ్రిటన్‌లో నివసించే భారతీయులకు కూడా ఓటు ఉంది కనుక ఇది మనకు పనికొచ్చే సంగతే.

ఇంకా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవారి దగ్గర ఉండే ఆకుపచ్చ ప్రొవిజనల్ కార్డుకు కూడా ఇదే పదేళ్ల లెక్క. పరీక్ష వాయిదా వేసుకుంటూ ఏళ్లు గడిపినవారు ఆ తేదీ కూడా ఒకసారి చూసుకోవాలి.

డబ్బు లెక్క

లైసెన్సులు ఇచ్చేది స్వాన్సీలో ఉన్న డీవీఎల్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ. రెన్యువల్‌కు మూడు దారులున్నాయి, ధరలు మూడు రకాలు.

ఆన్‌లైన్‌లో చేసుకుంటే 14 పౌండ్లు.
ఫారం నింపి పోస్టులో పంపితే 17 పౌండ్లు.
పోస్టాఫీసుకు వెళ్లి చేయించుకుంటే 21 పౌండ్ల 50 పెన్నీలు.

పోస్టాఫీసు ధరలో 17 పౌండ్లు లైసెన్సు రుసుము. మిగిలిన నాలుగున్నర పౌండ్లు అక్కడే ఫొటో తీసి, సంతకం తీసుకుని, దరఖాస్తును పంపినందుకు పోస్టాఫీసు తీసుకునే సేవా రుసుము.

70 ఏళ్లు నిండినవారికి రెన్యువల్ ఉచితం. ఆరోగ్య కారణాల వల్ల ఏడాదికో, రెండేళ్లకో, మూడేళ్లకో మాత్రమే లైసెన్సు ఇచ్చిన వారికి కూడా ఉచితమే. అధికారిక ఖర్చు ఇంతే. అంతకంటే ఎక్కువ అడిగారంటే మధ్యలో ఎవరో ఉన్నట్టే.

ఆ మధ్యవర్తుల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వెతికే పెట్టెలో లైసెన్సు రెన్యువల్ అని కొట్టగానే పైన ప్రకటనలు వస్తాయి. వాటిలో కొన్ని ప్రభుత్వ సైటును తలపించే రంగులతో, అదే రకం అక్షరాలతో ఉంటాయి. మీరు ఇచ్చిన వివరాలనే తీసుకుని ప్రభుత్వ దరఖాస్తులో నింపడం తప్ప వాళ్లు చేసేదేమీ ఉండదు. 'పరిశీలించి పంపుతాం' అని దానికి పేరు పెట్టి రుసుము గుంజుతారు. కొన్నయితే మీకు ఫారం పంపించి ఊరుకుంటాయి, దాన్ని నింపి డీవీఎల్‌ఏకు మళ్లీ విడిగా డబ్బు కట్టాల్సింది మీరే. 70 దాటినవారికి ఉచితంగా అయ్యే పనికి కూడా డబ్బు తీసుకునే సైట్లున్నాయి, అన్నిటికంటే చిరాకు కలిగించేది అదే. ఇలా కట్టిన డబ్బును డీవీఎల్‌ఏ తిరిగి ఇవ్వదు. ఆ సైటుతోనో, మీ కార్డు ఇచ్చిన బ్యాంకుతోనో తేల్చుకోవాలి.

గుర్తు పట్టడం కష్టం కాదు. సైటు చిరునామా 'గవ్ డాట్ యూకే'తో ముగియాలి. మధ్యలో ఎక్కడో ఆ అక్షరాలు ఉంటే సరిపోదు, ఏటవాలు గీతకు ముందున్న భాగం దానితోనే ముగియాలి. వెతకడం మానేసి నేరుగా గవ్ డాట్ యూకే తెరిచి అందులో డ్రైవింగ్ విభాగంలోకి వెళితే ఈ తలనొప్పే ఉండదు. 'మీ లైసెన్సు గడువు ముగిసింది, ఈ లింకు నొక్కి చెల్లించండి' అని ఫోనుకు సందేశం వస్తే అది మోసమే. లింకు ఇచ్చి వ్యక్తిగత వివరాలో, చెల్లింపు వివరాలో అడిగే సందేశాలు డీవీఎల్‌ఏ పంపదు. అలాంటి సందేశాన్ని 7726 అనే నంబరుకు ఉచితంగా ఫార్వర్డ్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

రెన్యువల్‌కు ముందు: చిరునామా సరిచేసుకోండి

గడువు దగ్గరపడుతున్నప్పుడు డీవీఎల్‌ఏ ఒక గుర్తుచేసే లేఖ పంపుతుంది. దాన్ని డీ798 అంటారు. అది వెళ్లేది లైసెన్సులో ఉన్న చిరునామాకు. మన ఐటీ ఉద్యోగుల సంగతి తెలిసిందే. వచ్చిన కొత్తలో ఈస్ట్‌హామ్‌లో ఒక గది, ప్రాజెక్టు మారితే రెడింగ్, పిల్లల బడి కోసం మిల్టన్ కీన్స్. లైసెన్సు మాత్రం ఇంకా ఈస్ట్‌హామ్‌లోనే కాపురం ఉంటుంది. లేఖ అక్కడికే వెళ్లి, మీ తర్వాత ఆ ఇంట్లో అద్దెకు దిగినవారి చెత్తబుట్టలో పడుతుంది. తేదీ దాటినా మీకు కబురు ఉండదు.

చిరునామా మార్పు పూర్తిగా ఉచితం, ఆన్‌లైన్‌లో అవుతుంది. మార్చకపోతే దానికి విడిగా 1,000 పౌండ్ల వరకు జరిమానా ఉంది. కారు యాజమాన్య పత్రం, అంటే వీ5సీ లాగ్‌బుక్‌లో చిరునామా వేరే రికార్డు. లైసెన్సులో మార్చినంత మాత్రాన అది మారదు. దాన్ని కూడా విడిగా, ఉచితంగానే మార్చుకోవాలి. వేగం మితిమీరినప్పుడు కెమెరా పట్టిన నోటీసు వచ్చేది లాగ్‌బుక్ చిరునామాకే కాబట్టి ఆ రెండోది మరిచిపోతే వచ్చే చిక్కు పెద్దది.

ఇల్లు మారి, రెన్యువల్ కూడా దగ్గరలోనే ఉంటే రెండు పనులు విడివిడిగా చేయనక్కర్లేదు. రెన్యువల్ దరఖాస్తులోనే కొత్త చిరునామా ఇవ్వవచ్చు. కొత్త కార్డు వచ్చేది ఆ ఇంటికే కనుక తలుపు నంబరు, పోస్టుకోడు రెండుసార్లు సరిచూసుకోండి.

మీకు ఏ దారి సరిపోతుంది?

దాన్ని ఎక్కువగా నిర్ణయించేది మీ పాస్‌పోర్టు. ఆన్‌లైన్‌లో కొత్త ఫొటో, సంతకం బ్రిటిష్ పాస్‌పోర్టు రికార్డు నుంచి తెచ్చుకుంటారు. ఫొటోను మీరు కంప్యూటర్ నుంచి ఎక్కించే పద్ధతి కాదది. అందువల్ల బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని చెల్లుబాటయ్యే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికి ఆన్‌లైనే సుఖం, చవక, త్వరగా కూడా అవుతుంది.

వర్క్ వీసా మీద ఉన్నవారు, శాశ్వత నివాస హక్కు వచ్చినా భారత పాస్‌పోర్టునే ఉంచుకున్నవారు చాలామంది ఉన్నారు. భారత పాస్‌పోర్టులోని ఫొటో బ్రిటన్ పాస్‌పోర్టు కార్యాలయం దగ్గర ఉండదు. కాబట్టి వీరికి మిగిలేది పోస్టాఫీసు, లేదా పోస్టు. ఈ రెంటిలో పోస్టాఫీసే మేలని నా అభిప్రాయం. పోస్టులో 17 పౌండ్లే కదా అనిపిస్తుంది. కానీ పాస్‌పోర్టు సైజు ఫొటో తీయించుకోవాలి. చెక్కు పుస్తకం ఈ కాలంలో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి పోస్టల్ ఆర్డర్ కొనాలి, దానికీ రుసుము ఉంటుంది. కార్డు పోకుండా రిజిస్టర్ చేసి పంపాలనుకుంటే ఆ ఖర్చు వేరు. అన్నీ కూడితే పోస్టాఫీసు ధరను దాటిపోవచ్చు. అప్పటికీ ఫొటో నిబంధనలకు సరిపోక దరఖాస్తు తిరిగి వచ్చే అవకాశం మీ నెత్తిన ఉంటుంది.

పేరు మారినవారికి మాత్రం పోస్టు దారే. మన వాళ్లకు ఈ సమస్య రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోవడం. రెండోది మనకు ప్రత్యేకమైనది: పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, కొత్త పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరించి రావడం. లైసెన్సులో ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరు ఉంటే రెన్యువల్ సమయంలోనే సరిచేసుకోవడం మంచిది. అలా చేస్తే గుర్తింపు పత్రాలు, పేరు మార్పును రుజువు చేసే అసలు పత్రాలు జత చేయాలి. నకళ్లు పనికిరావు.

ఆన్‌లైన్ దారి, అడుగడుగునా

కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి: ప్రస్తుత లైసెన్సు, బ్రిటిష్ పాస్‌పోర్టు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, గత మూడేళ్లలో ఉన్న ఇళ్ల చిరునామాలు, చెల్లింపునకు డెబిట్ లేదా క్రెడిట్ కార్డు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు మీ జీతం చీటీలో ఉంటుంది. మూడేళ్ల చిరునామాలు చాలామందిని ఆపేసేవి. పాత పోస్టుకోడ్లు గుర్తుండవు, పాత బ్యాంకు స్టేట్‌మెంట్లలో దొరుకుతాయి.

గవ్ డాట్ యూకేలో లైసెన్సు రెన్యువల్ పేజీ తెరిచి దరఖాస్తు మొదలుపెట్టండి. మొదట మీ గుర్తింపు నిర్ధారిస్తారు. అక్కడ లైసెన్సు నంబరు అడుగుతారు. కార్డు మీద 5 అనే అంకె పక్కన ఉండేది అదే. పొడవైన ఆ నంబరులో మొదటి 16 అక్షరాలు, అంకెలు మీ డ్రైవర్ నంబరు. తర్వాత విడిగా ఉన్న రెండూ కార్డు ఎన్నోసారి జారీ అయిందో తెలిపే గుర్తు.

ఆ 16లో ఒక పద్ధతి ఉంది. అది తెలిస్తే తప్పు కొట్టినప్పుడు వెంటనే పట్టుకోవచ్చు. మొదటి ఐదు, మీ ఇంటిపేరులోని మొదటి ఐదు ఇంగ్లిషు అక్షరాలు. ఇంటిపేరు చిన్నదైతే మిగిలిన ఖాళీల్లో 9 వేస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు చోట 'రావు' అని మాత్రమే ఉన్నవారికి ఇంగ్లిషులో మూడక్షరాలే కాబట్టి చివర రెండు 9లు ఉంటాయి. తర్వాత పుట్టిన సంవత్సరంలోని పదుల అంకె, పుట్టిన నెల, తేదీ, సంవత్సరంలోని చివరి అంకె. మహిళలకు నెలలోని మొదటి అంకెకు 5 కలుపుతారు. ఆగస్టులో పుట్టిన మహిళకు 08 బదులు 58 కనిపిస్తుంది. అది ముద్రణ దోషం కాదు. ఆ తర్వాత పేర్ల పొడి అక్షరాలు రెండు, ఒకటే పేరు ఉంటే రెండోచోట 9. చివరి మూడూ డీవీఎల్‌ఏ వేసుకునేవి.

గుర్తింపు అయ్యాక చిరునామా, ఆరోగ్యం, చూపు గురించిన ప్రశ్నలు వస్తాయి. వాటి గురించి కింద విడిగా రాశాను. తర్వాత పాస్‌పోర్టు నంబరు ఇచ్చి ఫొటో తెచ్చుకోవడానికి అనుమతి ఇవ్వాలి. చివర 14 పౌండ్లు చెల్లిస్తే ధ్రువీకరణ ఈమెయిల్ వస్తుంది. దాన్ని దాచుకోండి. పాత కార్డును ఏం చేయాలో అందులో చెప్పినట్టే చేయండి.

కొత్త కార్డు సాధారణంగా వారంలో వస్తుంది. ఆరోగ్య వివరాలో, వ్యక్తిగత వివరాలో పరిశీలించాల్సి వస్తే ఇంకా ఆలస్యం కావచ్చు.

పోస్టాఫీసు దారి

ప్రతి పోస్టాఫీసులోనూ ఈ పని జరగదు. పోస్టాఫీసు వెబ్‌సైటులో మీ పోస్టుకోడు ఇచ్చి, ఫొటోకార్డు రెన్యువల్ సేవ ఉన్న శాఖ ఏదో ముందే చూసుకోండి. మూలనున్న కిరాణా దుకాణంలోని చిన్న కౌంటరుకు వెళ్లి వరుసలో నిలబడి వెనక్కి రావడం అనవసరం.

వెళ్లేటప్పుడు పాత ఫొటోకార్డు, డీ798 లేఖ వచ్చి ఉంటే అది కూడా తీసుకెళ్లండి. ఫొటోలు పట్టుకెళ్లనక్కర్లేదు. అక్కడే యంత్రంతో ఫొటో తీస్తారు, తెర మీద సంతకం చేయిస్తారు. ఆ సంతకమే కార్డు మీద వస్తుంది. తెర మీద తొందరగా గీసేసిన గీతలతో పదేళ్లు గడపాలి కాబట్టి నిదానంగా చేయండి. ఫొటో బాగా రాలేదనిపిస్తే మళ్లీ తీయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. రసీదు జాగ్రత్త. కార్డు ఇంటికి రావడానికి మూడు వారాల వరకు పట్టవచ్చు.

పోస్టు దారి

డీ1 అనే ఫారం కావాలి. డీవీఎల్‌ఏ ఫారాలు ఉంచే పోస్టాఫీసుల్లో ఉచితంగా దొరుకుతుంది, గవ్ డాట్ యూకేలో ఆర్డరు చేస్తే ఇంటికీ పంపిస్తారు. నల్ల సిరాతో, పెద్ద అక్షరాల్లో నింపాలి. సంతకం గడి దాటి బయటికి రాకూడదు. ఆ గడిలోని సంతకాన్నే స్కాన్ చేస్తారు.

ఇటీవల తీయించుకున్న పాస్‌పోర్టు తరహా రంగు ఫొటో, పాత కార్డు, డీవీఎల్‌ఏ పేరిట 17 పౌండ్ల చెక్కు లేదా పోస్టల్ ఆర్డర్, పేరు మారితే దానికి సంబంధించిన అసలు పత్రాలు జత చేసి ఫారం మీద చెప్పిన చిరునామాకు పంపాలి. కవరులో నగదు పెట్టకూడదు. పంపే ముందు పాత కార్డును రెండు వైపులా ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. కొత్తది వచ్చేదాకా మీ లైసెన్సు నంబరుకు అదే ఆధారం. దీనికి కూడా మూడు వారాల వరకు పడుతుంది. పాస్‌పోర్టు పంపినవారు ఆ మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకోకూడదు.

ఆరోగ్యం గురించిన ప్రశ్నలు

ఇక్కడ చాలామంది అన్నిటికీ 'లేదు' అని నొక్కుకుంటూ పోతారు. నిజం చెబితే లైసెన్సు పీకేస్తారన్న భయం. చాలా సందర్భాల్లో ఆ భయానికి ఆధారం లేదు. చెప్పాల్సిన జబ్బు దాచిపెట్టడానికి మాత్రం 1,000 పౌండ్ల వరకు జరిమానా ఉంది. ప్రమాదం జరిగితే కేసు కూడా పెట్టవచ్చు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మధుమేహం. ఇన్సులిన్ వాడకం మూడు నెలలకు మించితే డీవీఎల్‌ఏకు తెలపాలి. అలా తెలిపినవారికి సాధారణంగా ఏడాది నుంచి మూడేళ్ల గడువుతో లైసెన్సు ఇస్తారు, దాని రెన్యువల్ ఉచితం. మాత్రలు మాత్రమే వాడేవారు చెప్పాలా వద్దా అన్నది వాడే మందు, చక్కెర ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలు వంటి వాటిమీద ఆధారపడుతుంది. డాక్టరును అడిగి తేల్చుకోండి. మూర్ఛ, పక్షవాతం తర్వాత మిగిలిన ఇబ్బందులు, పగలు నిద్ర ముంచుకొచ్చే స్లీప్ ఆప్నియా కూడా చెప్పాల్సిన వాటిలో ఉన్నాయి. పూర్తి పట్టిక గవ్ డాట్ యూకేలో అక్షర క్రమంలో ఉంది.

చూపు సంగతి సులభం. 20 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటును, అవసరమైతే కళ్లద్దాలతో, చదవగలగాలి. వీధిలోకి వెళ్లి మీరే పరీక్షించుకోవచ్చు.

కార్డు రాకముందే బండి నడపవచ్చా?

చాలామందికి నడపవచ్చు. రోడ్డు ట్రాఫిక్ చట్టంలోని 88వ సెక్షన్ దీనికి దారి ఇస్తుంది. సరైన దరఖాస్తు డీవీఎల్‌ఏకు చేరి ఉండాలి, ఆ దరఖాస్తు పెట్టి ఏడాది దాటకూడదు. మీకు అంతకు ముందు ఆ రకం బండి నడిపే హక్కు ఉండాలి. కోర్టు నిషేధం ఉండకూడదు. చివరి లైసెన్సును ఆరోగ్య కారణాలతో రద్దు చేసి గానీ, నిరాకరించి గానీ ఉండకూడదు. నడపడానికి మీరు ఆరోగ్యంగా ఉన్నారా లేదా అన్న అనుమానం ఉంటే డాక్టరు మాట తీసుకోండి.

బీమా మాటకొస్తే, కార్డు గడువు తీరడం, నడిపే హక్కు పోవడం ఒకటి కావు. కానీ కొన్ని బీమా పాలసీలు లైసెన్సు గురించి తమ షరతులు రాసుకుంటాయి. గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే ఆ పేజీ చదివి, అనుమానం ఉంటే బీమా సంస్థకు ఫోను చేసి అడగండి.

కార్డు పోయినవారికి

గడువు ఇంకా ఏళ్లు ఉన్నప్పుడు పోతే డూప్లికేటు కార్డుకు 20 పౌండ్లు. గడువు ముగింపుకు దగ్గరలో పోతే డూప్లికేటుకు ఆ డబ్బు, నెల తర్వాత రెన్యువల్‌కు మళ్లీ డబ్బు కట్టడంలో అర్థం లేదు. నేరుగా రెన్యువల్‌కే వెళ్లి, పాత కార్డు ఎందుకు లేదో దరఖాస్తులో చెప్పండి. దొంగతనం అయితే పోలీసులకు కూడా తెలపాలి.

డెబ్భై దాటుతున్న పెద్దలకు

1970లలో, 80లలో ఆంధ్ర నుంచి ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేయడానికి వచ్చిన డాక్టర్ల తరం ఇప్పుడు ఈ వయసులో ఉంది. 70వ పుట్టినరోజుకు 90 రోజుల ముందు డీ46పి అనే ఫారం ఇంటికి వస్తుంది. అక్కడ ముగిసేది ఫొటో గడువు కాదు, నడిపే హక్కే. అందుకని ఇందులో నిర్లక్ష్యం అసలు పనికిరాదు. ఆ తర్వాత ప్రతి మూడేళ్లకూ రెన్యువల్ చేసుకుంటూ ఉండాలి. అన్నీ ఉచితం. డ్రైవింగ్ పరీక్ష మళ్లీ ఉండదు, ఆరోగ్యం, చూపు గురించి మీరే ప్రకటన ఇస్తారు.

1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష పాసైనవారి కార్డులో సీ1, డీ1 అనే రెండు వర్గాలు అదనంగా ఉంటాయి. 7.5 టన్నుల వరకు ఉండే బండ్లు, 16 సీట్ల మినీబస్సు వీటి కిందికి వస్తాయి. గుడికో, సంఘానికో మినీబస్సు నడిపే పెద్దలు మామూలు పద్ధతిలో ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేస్తే ఈ రెండూ పోతాయి. అవి ఉంచుకోవాలంటే డీ2 ఫారం, డాక్టరు నింపే డీ4 వైద్య నివేదిక పంపాలి. ఆ వైద్య పరీక్ష ఖర్చు మీదే. మినీబస్సు జోలికి పోనివారు ఈ శ్రమ పడనక్కర్లేదు.

1998లో ఫొటోకార్డులు రాకముందు ఇచ్చిన కాగితం లైసెన్సు ఇంకా ఉన్నవారికి పదేళ్ల లెక్క వర్తించదు. పేరు, చిరునామా మారకపోతే అది 70 వరకు చెల్లుతుంది. ఫొటోకార్డుతో పాటు ఒకప్పుడు ఇచ్చిన కాగితం ముక్క మాత్రం వేరు. 2015 జూన్ 8 నుంచి దానికి విలువ లేదు.

ఇండియాకు వెళ్లిపోయినవారు, వెళ్లి వచ్చేవారు

బ్రిటన్ వదిలి హైదరాబాద్‌లోనో విశాఖలోనో స్థిరపడినవారు ఈ లైసెన్సును అక్కడి నుంచి రెన్యువల్ చేసుకోలేరు. గ్రేట్ బ్రిటన్‌లో నివసించేవారికే ఆ సౌకర్యం. విదేశీ చిరునామా రికార్డులో వేయరు. 'స్నేహితుడి ఇంటి చిరునామా ఇచ్చేద్దాం' అన్న సలహా తరచూ వినిపిస్తుంది. లైసెన్సు కోసం తప్పుడు ప్రకటన ఇవ్వడం నేరం కాబట్టి ఆ సలహా ఇచ్చినవారికే వదిలేయండి. పాసైన పరీక్ష ఎక్కడికీ పోదు. మళ్లీ ఇక్కడికి వచ్చి స్థిరపడినప్పుడు, వయసు 70 దాటకపోతే, ఫొటోకార్డు రెన్యువల్ చేసుకోవచ్చు.

సంక్రాంతికి ఊరు వెళ్లి అక్కడ కారు నడపాలనుకునేవారికి బ్రిటన్ లైసెన్సుతో పాటు 1949 నమూనా అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఇది పేపాయింట్ సేవ ఉన్న దుకాణాల్లో ఐదున్నర పౌండ్లకు దొరుకుతుంది, 12 నెలలు చెల్లుతుంది. దానికి చెల్లుబాటయ్యే ఫొటోకార్డు చూపాలి. కాబట్టి డిసెంబరులో కార్డు గడువు ముగిసేవారు జనవరి టికెట్టు కొన్నాక కాకుండా నవంబరులోనే రెన్యువల్ పూర్తి చేసుకుంటే నయం.

ఇండియా లైసెన్సుతో కొత్తగా వచ్చినవారికి ఒక్క మాట. అది ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలే పనికొస్తుంది. దాన్ని బ్రిటన్ లైసెన్సుగా మార్చుకునే ఏర్పాటు భారతదేశానికి లేదు. ప్రొవిజనల్ తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు పాసవ్వాల్సిందే.

కొత్త కార్డు వచ్చాక

కవరు విప్పగానే పేరు, పుట్టిన తేదీ, చిరునామా చదవండి. వెనక్కి తిప్పి పాత కార్డు ఫొటోతో పట్టికను పోల్చండి. మోటారుసైకిలు వర్గమో, మరొకటో రాలిపోయి ఉంటే వెంటనే డీవీఎల్‌ఏకు చెప్పాలి. ఏళ్లు గడిచాక రుజువు చేయడం కష్టం. మూడు వారాలు దాటినా కార్డు రాకపోతే కూడా వారినే సంప్రదించాలి.

పేరు మారకపోతే డ్రైవర్ నంబరులోని 16 అక్షరాలు, అంకెలు మారవు. చివరి రెండు మాత్రం మారతాయి. కారు అద్దెకు తీసుకునేటప్పుడు మీ లైసెన్సు వివరాలు చూసేందుకు సంస్థలు అడిగే షేర్ కోడును గవ్ డాట్ యూకేలో లైసెన్సు వివరాలు చూసే సేవ నుంచి ఉచితంగా తీసుకోవచ్చు. ఆ కోడు 21 రోజులు పనిచేస్తుంది. మీ పెనాల్టీ పాయింట్లు ఎన్ని ఉన్నాయో కూడా అక్కడే కనిపిస్తుంది.